"జర్మన్లు ఇంతే" అని ట్రైనింగ్ ఇచ్చి పంపారు, ఎంతవరకు నమ్మాలి?

పేట_కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్కారం. ష్టుట్‌గార్ట్ వచ్చి ఎనిమిది నెలలైంది, సాఫ్ట్‌వేర్ పని. వీసా వచ్చాక హైదరాబాద్ ఆఫీసులో నాకూ ఇంకో ఆరుగురికీ ఒక పూట ట్రైనింగ్ ఇచ్చారు, జర్మన్లతో ఎలా మసలుకోవాలి అని. వాళ్ళకు టైమంటే టైమే, ఏదున్నా మొహం మీదే చెప్పేస్తారు, సొంత విషయాలు అడిగితే నచ్చదు, రూలు దాటరు, స్నేహం కుదరడానికి ఏళ్ళు పడుతుంది. అంతా కలిపి ఓ నలభై స్లైడ్లు, చివర్లో సమోసా, టీ.

నవ్వులాటకి అంటున్నాను గానీ మొదటి రెండు నెలలు ఆ స్లైడ్లే నన్ను కాపాడాయి. మొదటిసారి నా కోడ్ చూసినతను కింద "ఇది తప్పు. మళ్ళీ రాయండి" అని రెండే ముక్కలు పెట్టాడు. ముందొక మంచిమాట లేదు, వెనకొక నవ్వు బొమ్మ లేదు. మన దగ్గరైతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు, ఇతనికి నా మీద ఏం కోపమో అని. స్లైడ్ గుర్తొచ్చి ఊరుకున్నా. మధ్యాహ్నం అతనే వచ్చి భోజనానికి పిలిచాడు, మనసులో ఏమీ లేదు. ఆదివారం గోడకి మేకు కొట్టకూడదని కూడా ముందే తెలుసు కాబట్టి కిందింటావిడతో గొడవ తప్పింది (నాతోపాటు వచ్చిన ఫ్రెండ్‌కి తప్పలేదు, అతను ఆ స్లైడ్లప్పుడు నిద్రపోయాడు).

దెబ్బ ఆ తర్వాత తగిలింది. నాలుగో నెలలో కొత్త టీమ్ లీడ్ వచ్చాడు, కొలోన్ నుంచి. సోమవారం వస్తే శని ఆదివారాలు ఏం చేశావని అడిగేవాడు, నేను "బాగానే గడిచింది" అని ముగించేవాణ్ణి, ఎందుకంటే సొంత విషయాలు వద్దని కదా చెప్పారు. ఒకరోజు కాఫీ మిషన్ దగ్గర, వాళ్ళమ్మ పడిపోయిందనీ ఆస్పత్రిలో ఉందనీ చెప్పాడు. నేను "అయ్యో, సారీ" అని రెండు సెకన్లు నిలబడి నా సీటుకి వచ్చేశా. మర్యాద అనుకునే చేశాను. నెల తర్వాత ఇంకో కొలీగ్ ద్వారా తెలిసింది, "ఈ అబ్బాయికి మనుషులంటే పట్టదేమో" అన్నాడట.

మా పేటలో ఎవరైనా అమ్మకి బాగోలేదంటే చేతిలో పని వదిలేసి ఏమైంది, ఏ ఆస్పత్రి, దగ్గర ఎవరున్నారు, డబ్బులు ఏమైనా కావాలా అని అడుగుతాం. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నలభై స్లైడ్లు చూసి, ఉన్నదాన్ని పోగొట్టుకున్నా.

కాబట్టి నా అనుమానం ఏంటంటే, "ఫలానా దేశం వాళ్ళు ఇలా ఉంటారు" అనే మాటలు అసలు పట్టించుకోవాలా వద్దా? పట్టించుకుంటే ఇలా అవుతోంది, పట్టించుకోకపోతే మొదటి కోడ్ రివ్యూ రోజే టికెట్ బుక్ చేసుకుని వచ్చేసేవాణ్ణి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నెకార్_అక్క:

తమ్ముడూ, ముందు కొంచెం ఊపిరి తీసుకో. నేను ఇదే ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఉంటున్నా, నువ్వు చేసినదానికి తలకిందులు తప్పు నేను చేశాను. వచ్చిన కొత్తలో ఒకావిడ ఇంటికి భోజనానికి పిలిస్తే, ఇంకొంచెం వడ్డించనా అని అడిగినప్పుడు మనలాగే "వద్దండీ, చాలు" అన్నాను. మనం మొదటి వద్దు మర్యాదకి, రెండోది అలవాటుకి, మూడోది అసలుకి అంటాం కదా. ఆవిడ మొదటి వద్దు దగ్గరే గిన్నె తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను. "జర్మన్లు అన్న మాటని అన్నట్టే తీసుకుంటారు" అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే కడుపు నిండేది.

ఆ స్లైడ్లు చెప్పినవాళ్ళు జర్మనీ మొత్తాన్ని ఒక ముద్ద చేశారు, అక్కడొచ్చింది చిక్కు. నువ్వున్నది ష్వాబియా అనే ప్రాంతంలో. ఇక్కడి వాళ్ళ సామెతే ఉంది, తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని. అపార్ట్‌మెంట్ మెట్లు ఈ వారం ఎవరు తుడవాలో తలుపుకి బోర్డు తగిలించే పద్ధతి కూడా వీళ్ళదే, కేర్‌వొహె అంటారు, నీ తలుపుకీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. కొలోన్ వాళ్ళు అలా కాదు, కార్నివాల్ పండుగ జనం, బస్టాప్‌లో కూడా మాట కలుపుతారు. నీ లీడ్ అక్కడివాడు కాబట్టి కబుర్లు ఆశించాడు.

ఇంకోటి, "మొహం మీదే చెప్పేస్తారు" అన్నారు కదా. ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఉంటుంది, ఆర్బైట్స్‌ట్సోయిగ్నిస్. అది నిజం చెప్పాలి, అదే సమయంలో మనిషి తర్వాతి ఉద్యోగానికి అడ్డు పడకుండా దయగా ఉండాలి, కోర్టులు అలా తేల్చాయి. దాంతో ఏం చేశారంటే ఒక రహస్య భాషే తయారుచేసుకున్నారు. "పనిని ఎల్లప్పుడూ మాకు సంపూర్ణమైన తృప్తి కలిగేలా చేశారు" అంటే మొదటి ర్యాంకు. అందులో "ఎల్లప్పుడూ" పోయి, "సంపూర్ణమైన" కాస్తా "పూర్తి" అయిందంటే మధ్యరకం. ఉత్తి "తృప్తి" ఒక్కటే మిగిలితే ఏదో నెట్టుకొచ్చాడని. "ఆయన ప్రయత్నించారు" అన్నారంటే ఇక అంతే, పనికిరాడని అర్థం. నాకు మొదటి కంపెనీ ఇచ్చిన కాగితం చూసి ఎంత పొగిడారో అని అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను, మా వీధిలో ఉండే లాయరుగారు చూసి "నీ స్థానంలో నేనుంటే ఇది వాపసు పంపించి తిరిగి రాయించుకుంటా" అన్నాడు. కోడ్ రివ్యూలో రెండు ముక్కల్లో తేల్చేసే మనుషులే వీళ్ళూ. అక్కడ సూటిగా ఉంటే ఖర్చు లేదు, ఇక్కడ సూటిగా ఉంటే కోర్టుకెక్కుతారు. ఆదివారం సంగతీ అలాంటిదే. 1919 నాటి వైమర్ రాజ్యాంగంలో రాసిన ఆదివారం విశ్రాంతి ఇప్పటి రాజ్యాంగంలోకీ వచ్చింది. చట్టాలు చేసిన పనికి మనం "జర్మన్ల స్వభావం" అని పేరు పెట్టేశాం.

సగటు_లెక్క:

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, జర్మనీ ఎప్పుడూ వెళ్ళలేదు, కానీ ఆ స్లైడ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించగలను. ఇలాంటి ట్రైనింగుల్లో చాలావాటికి మూలం హోఫ్‌స్టెడె అనే డచ్ ఆయన చేసిన పని. 1967 నుంచి 1973 దాకా రెండు విడతలుగా ఐబీఎం ఉద్యోగుల దగ్గర తీసుకున్న 1,16,000కు పైగా ప్రశ్నపత్రాలు ఆయన దగ్గర ఉన్నాయి, వాటి మీద దేశాలకు మార్కులు వేశాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని మామూలుగా తీసుకునే గుణానికి ఇండియాకి 77, జర్మనీకి 35. మీ ట్రైనింగ్‌లో ఈ రెండు అంకెలు ఉండే ఉంటాయి, లేకపోతే డబ్బులు వాపస్ అడగండి.

అంకె చూడగానే థర్మామీటర్ రీడింగ్‌లా అనిపిస్తుంది. కానీ చూడండి, అన్ని దేశాల్లోనూ ఒకే కంపెనీ ఉద్యోగులు. అప్పట్లో జర్మనీ అంటే పశ్చిమ జర్మనీ, బెర్లిన్ గోడకి అవతలి తూర్పు జర్మనీ వాళ్ళు ఆ లెక్కలో లేనే లేరు. ఇండియా అంటే కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం దొరికిన ఆ కాలపు కొద్దిమంది. పాకిస్తాన్ నుంచి రెండు విడతలూ కలిపి వచ్చినవి 107 కాగితాలు. ఒక పెళ్ళి బంతికి కూడా సరిపోని మంది. బ్రెండన్ మెక్‌స్వీనీ అనే ఆయన 2002లో ఇవన్నీ ఎత్తి చూపించి గట్టిగానే ఉతికాడు. ఇంత చెప్పి హోఫ్‌స్టెడెని తప్పు పట్టడం కూడా న్యాయం కాదు, దేశం మార్కుని ఒక మనిషికి అంటించొద్దని ఆయనే చెప్పాడు. ఆ హెచ్చరిక ఉన్న స్లైడ్ మాత్రం ఏ ట్రైనింగ్‌లోనూ కనబడదు.

అలాగని మొత్తం అబద్ధమనీ కాదు. జూలైలో మన దగ్గర వానలు పడతాయి అన్నది నిజమే, దాన్ని బట్టి పెళ్ళి ముహూర్తానికి టెంటు మాట్లాడుకోవచ్చు. ఈ సాయంత్రం గొడుగు కావాలా అంటే మాత్రం కిటికీలోంచి చూడాలి. మీ లీడ్ కాఫీ మిషన్ దగ్గర నిలబడి వాళ్ళమ్మ గురించి చెప్పడం అంటే చినుకులు పడుతున్నట్టే, మీరేమో క్యాలెండర్ చూసి ఎండ అన్నారు.

ఇంకో ముచ్చట. 2005లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, 49 సంస్కృతుల వాళ్ళని "మీ దేశపు మామూలు మనిషి ఎలా ఉంటాడు" అని అడిగారు. వచ్చిన జవాబుల్ని, అక్కడి మనుషుల స్వభావాన్ని విడిగా కొలిచిన ఫలితాలతో పోల్చి చూస్తే రెండిటికీ పొంతన లేదు. అంటే పక్క దేశం వాళ్ళ గురించే కాదు, మన గురించి మనం చెప్పుకునేది కూడా నమ్మడానికి లేదు. "తెలుగువాళ్ళు ఆవేశపరులు" అని మనమే ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాం కదా.

పెన్నా_ఒడ్డు:

నేను ఇటువైపు నుంచి చెబుతా. మాది ప్రొద్దుటూరు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ హాస్టల్లో చేరిన మొదటి వారం రూమ్మేట్ అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో బాంబులు ఉంటాయా?" మా నాయన బట్టల కొట్టు నడుపుతాడప్పా. సినిమాల్లో సుమోలు గాల్లో లేచింది చూసి వచ్చాడు పాపం. నేను కాదన్నకొద్దీ వాడికి అనుమానం పెరిగింది. రెండేళ్ళు కాలేజీలో నాతో ఎవరూ గొడవ పడలేదు, ఆ లాభం ఒప్పుకోవాలి.

ఇప్పుడు బెంగళూరులో ఉంటూ జర్మన్ టీమ్‌తో పని చేస్తున్నా. పేట తమ్ముడికి జర్మన్ల గురించి స్లైడ్లు చూపించినట్టే, అక్కడివాళ్ళకు మన గురించి చూపిస్తారు. మా మేనేజర్‌కి ఎవరో బాగా ఎక్కించారు, "ఇండియన్లు కాదు అని చెప్పలేరు, వాళ్ళ అవునుని నమ్మొద్దు" అని. శుక్రవారానికి అయిపోతుందని నేను చెప్తే మంగళవారం ఒకసారి, బుధవారం ఒకసారి అడిగి, గురువారం ఇంకొకరికి అదే పని అప్పగించాడు, ఎందుకైనా మంచిదని. నేను శుక్రవారం పొద్దున్నే ఇచ్చేశా. ఆయన మొహంలో సంతోషం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఏం చెప్పినా వెనక ఇంకో అర్థం వెతికేవాడితో పని చేయడం ఎంత విసుగో అనుభవిస్తే తెలుస్తుంది. నిజంగా ఒకసారి "కాదు, కుదరదు" అని చెప్పాను. దానికి కూడా "ఇతను ఏదో మర్యాదకి అంటున్నాడు" అనుకుని పని పంపించాడు!

కానీ అబద్ధం ఆడకూడదు. నాకు ముందున్నతను అన్నిటికీ సరే అని ఆఖరి రోజు చేతులెత్తేసిన మాట వాస్తవం. మన "చూద్దాం"కి అర్థం కుదరదని మనకు తెలుసు, ఆయనకు ఎట్లా తెలుస్తుంది? మా నాయన సంబంధం నచ్చకపోతే "మాట్లాడుకుని కబురు చేస్తాం" అంటాడు, అవతలివాళ్ళకు గేటు దాటకముందే అర్థమైపోతుంది. అదే మాట జర్మనీ పెళ్ళికొడుకు తండ్రికి చెబితే పాపం నెలరోజులు ఫోన్ దగ్గర కూచుంటాడు. ఆ మాత్రం ముందే చెప్పి ఉంచడం తప్పు కాదు, చెప్పాక నన్ను కూడా ఒకసారి చూసి ఉండాల్సింది.

ఖమ్మం_సిస్టర్:

నేను ఉత్తర జర్మనీలో ఒక ఆస్పత్రి వార్డులో నర్సుని. అన్నగారు గొడుగు, క్యాలెండర్ బాగా చెప్పారు గానీ రాత్రి మూడు గంటలకి ఇరవై మంది పేషెంట్లతో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఒక్కొక్కరినీ మొదటి నుంచి అర్థం చేసుకునే తీరిక ఉండదండీ. ఏదో ఒక అంచనాతో గదిలో అడుగు పెట్టాల్సిందే. మనిషిని మనిషిగా చూడండి అని రాయడం తేలిక.

నాకు పనికొచ్చిన అంచనా ఒకటి చెప్తాను. చేరిన కొత్తలో ఎనభై దాటిన ఒకావిడని ప్రేమగా "ఓమా" అన్నాను, అమ్మమ్మ అని. మనం రోడ్డు మీద కూరగాయలమ్మే పెద్దావిడని కూడా అలాగే పిలుస్తాం కదా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని "నేను మీ అమ్మమ్మని కాదు, నాకు పేరుంది" అంది. తర్వాత మా సీనియర్ పక్కకి పిలిచి చెప్పింది, ఇక్కడ ఇంటిపేరు ముందు ఫ్రావ్ అని చేర్చే పిలవాలి, జీ అనాలి, అంటే మన మీరు. వరసలు పెట్టి పిలిస్తే ముసలివాళ్ళని చిన్నపిల్లల్ని చేసినట్టు లెక్క. ఆ నియమం నాకు రోజూ పనికొస్తోంది. అయితే మూడో నంబర్ గదిలో ఒక తాతగారు ఉండేవారు, పల్లెటూరి మనిషి, ఆయనే నన్ను డూ, అంటే నువ్వు అనమని, మొదటి పేరుతో పిలవమని పట్టుబట్టాడు. పిలవనంటే మందులు మింగలేదు.

ఇక చెడ్డది. ఆస్పత్రుల్లో కొందరు వాడే మాట ఒకటుంది, మోర్బుస్ బోస్పోరుస్. వినడానికి జబ్బు పేరులా లాటిన్‌లో ఉంటుంది, అర్థం మాత్రం టర్కీ వైపు వాళ్ళు చిన్న నొప్పికి పెద్దగా అరుస్తారు, పట్టించుకోవద్దు అని. కొత్తలో నాకు అర్థం కాక నిజంగా జబ్బే అనుకుని పుస్తకంలో వెతికాను. అందులో ఒక రవ్వంత నిజం ఉండొచ్చు, నొప్పిని బయటికి చెప్పుకునే తీరు ఇంటింటికీ వేరు, మా అమ్మ కూడా మోకాలు నొప్పికి ఊరంతా వినబడేలా దేవుణ్ణి పిలుస్తుంది. కానీ ఒక రాత్రి ఒక టర్కీ పెద్దాయన కడుపు పట్టుకుని కేకలు పెడుతుంటే, "వీళ్ళింతే" అని పక్కనున్నావిడ అనేసింది. నేనూ ఆవిడ మాటతో పది నిమిషాలు కూర్చున్నాను. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. అపెండిక్స్ పగిలింది. బతికారు.

ఇక్కడి ముసలి రైతులు కొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఎముక విరిగినా "పర్వాలేదు" అంటారు. వీళ్ళిద్దరికీ నేను చేసేది ఇప్పుడు ఒకటే, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అడిగి, కేక ఎంత పెద్దదో లెక్కలోకి తీసుకోకుండా చేత్తో నొక్కి చూడటం. "టర్కీ కుటుంబాల్లో చూడటానికి పదిమంది వస్తారు, కుర్చీలు వేయించు" లాంటి అంచనా తప్పయితే రెండు కుర్చీలు మిగులుతాయి, అంతే కదండీ. నొప్పి దగ్గర తప్పయితే మనిషే మిగలడు.

సగటు_లెక్క:

సిస్టర్ గారూ, ఆ కుర్చీల మాట నేను రేపు క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. అంచనా ఒప్పా తప్పా అనే నేను చూశాను, తప్పయితే నష్టం ఎవరికి అనేది వదిలేశాను. పేట తమ్ముడి లెక్క కూడా అదే కదా, అమ్మ గురించి అడిగి ఉంటే మహా అయితే లీడ్ కొంచెం ఇబ్బంది పడేవాడు.

టైమంటే టైమే అన్నారు, అదొకటి మిగిలిపోయింది. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్ళలో టైముకి నడిచినవి 62 శాతం చిల్లర. ఆరు నిమిషాల లోపు ఆలస్యమైతే టైముకి వచ్చినట్టే లెక్క, ఆ సడలింపు ఇచ్చాక కూడా ఇంతే.

నెకార్_అక్క:

ఆ రైలు దెబ్బలు తినీ తినీ ఉన్నానండీ, గుర్తు చేయకండి. కాకపోతే అందులోనూ ఒక తమాషా ఉంది, రైలు గంట లేటని ముందే తెలిసినా ప్లాట్‌ఫాం మీదికి టైముకే వచ్చి నిలబడతారు.

పేట_కుర్రాడు:

అందరికీ థాంక్స్. మీరు రాసినవి చదివాక నిన్న ధైర్యం చేసి లీడ్‌ని కాఫీకి పిలిచాను. అప్పుడు సరిగ్గా అడగలేదు, ఏమీ అనుకోవద్దు, అమ్మగారు ఎలా ఉన్నారు అన్నాను. మా దగ్గర అయితే వెంటనే అడుగుతాం, ఇక్కడ అడగకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు అని ఆ నలభై స్లైడ్ల సంగతి కూడా చెప్పేశాను. ముందు నవ్వాడు, తర్వాత ఆ స్లైడ్లు పంపమన్నాడు, తనకీ చూడాలని ఉందట. తుంటి ఎముక ఆపరేషన్ అయిందట వాళ్ళమ్మకి, వాకర్ పట్టుకుని నడుస్తున్న వీడియో చూపించాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

అక్కా, ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పాలి. ఆయన కొలోన్ మనిషి కానే కాదు. పుట్టి పెరిగింది లైప్‌ట్సిగ్‌లో, కొలోన్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేశాడంతే. కార్నివాల్ అంటే చిరాకట, ఆ వారం సెలవు పెట్టి ఊరు వదిలి పారిపోయేవాడట.

నెకార్_అక్క:

అయితే నా కొలోన్ సిద్ధాంతం మన ఊరి నెకార్ నదిలో కొట్టుకుపోయింది! పన్నెండేళ్ళ అనుభవం అని గొప్పగా మొదలుపెట్టాను కూడా. సరే, వాళ్ళమ్మగారు లైప్‌ట్సిగ్‌లో ఒక్కరే ఉంటున్నారా, దగ్గర ఎవరైనా ఉన్నారా? అది అడిగావా?

పేట_కుర్రాడు:

అడిగాను అక్కా. చెల్లెలు ఉందట, పక్క వీధిలోనే.